తడి గోనెల నడుమ కంప్యూటర్

ఎండలు ముదిరాయంటే పర్శరాములు ముందు మగ్గానికి నీళ్లు పట్టి, ఆ తర్వాతే తను గొంతు తడుపుకునేవాడు. పొద్దున్నే మగ్గం గుంటలో నాలుగు చెంబులు చల్లి, గోనె సంచులు తడిపి కిటికీకీ గుమ్మానికీ, పడుగు చుట్టూ వేలాడదీసేవాడు. గదిలో తడి ఆరితే నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. తెగిన పోగులు ముడేసుకుంటూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ప్రతి ఇంట్లోనూ ఎండాకాలం ఈ పని ఉండేదే. పన్నెండో ఏట రఘునాథపల్లి నుంచి వచ్చి మేనమామ మగ్గం దగ్గర కూర్చున్నప్పుడు ఆయన నేర్చుకున్న మొదటి పాఠం నేయడం కాదు, నీళ్లు చల్లడం.

ఆ యేడు మే నెలాఖరున, రోహిణి కార్తె మొదలైన మూడో రోజు, కూతురు మహిత పది రోజులు సెలవు పెట్టి సుబేదారి నుంచి స్కూటీ మీద వచ్చేసరికి మగ్గం ఖాళీగా ఉంది. పడుగు లేదు. గుంట పొడిబారి పగుళ్లు తేలింది. తడి గోనెలు మాత్రం ఉన్నాయి. మగ్గం చుట్టూ కాదు, మూలన ఉన్న కంప్యూటర్ బల్ల చుట్టూ.

ఆమె ఇంకా హెల్మెట్ తీయకముందే పక్కింటి సారలమ్మ తన గడపలో కూర్చునే అందుకుంది.

"వచ్చినవా బిడ్డా? మీ బాపును జర సూడు. గా డబ్బకు మూడు పూటల నీళ్లు కొడ్తాండు. ఇగ పసుపు రాసి తలకు వోసుడొక్కటే తక్కువ."

లోపలి నుంచి పర్శరాములు గొంతు వినిపించింది. "నీకేం కష్టమైతాంది సారలమ్మా? నీ బోరు నీళ్లా నేను కొట్టేది?"

"నా బోరు నీళ్లే! పొద్దుగాల రెండు బకెట్లు ఎవరు తీస్కపోయిండ్రు మరి?"

మహిత నవ్వుకుంటూనే లోపలికి వెళ్లింది. రేకుల కప్పు కింద, తడి గోనెల నడుమ, నీలం వెలుగులో తండ్రి ముఖం చూశాక ఆ నవ్వు నిలవలేదు.

ఆ బల్ల ఆమె తల్లి అనసూయది. తల్లి మార్చి నెలాఖరులో పోయింది.

అనసూయది కేసముద్రం. పదిహేడో ఏట కొత్తవాడకు కోడలిగా వచ్చి, మొగుడు నేస్తుంటే పక్కన కండెలు చుడుతూ, గళ్ల కాగితం మీద పెన్సిలుతో డిజైన్లు గీయడం తనకు తానే పట్టుకుంది. యాభై దాటాక వాడకట్టులో పెట్టిన శిక్షణలో చేరి కంప్యూటర్ మీద గీయడం నేర్చుకుంది. అప్పుడు మహితే తన ఆఫీసు పరిచయాలతో ఒక పాత డెస్క్‌టాప్ సంపాదించి ఇంట్లో పెట్టింది. మౌసు మాత్రం అనసూయ చేతిలో నిలవలేదు. "నేను ఒక దిక్కు తోలితే ఇది ఒక దిక్కు ఉరుకుతది" అని దాన్ని పక్కకు నెట్టేసి, ఒంటి వేలితో కీబోర్డు కొట్టుకుంటూ పని చేసేది. అడుగున ఉన్న పొడుగు మీట కొడితే తెర మీద ఒక గడి నిండి, మినుకుమనే గుర్తు కుడివైపు పక్క గడికి జరుగుతుంది. బాణం గుర్తులు కొడితే పైకో కిందికో పోతుంది. ఆమెకు కావలసిన విద్య అంతే. ఆమె గీసేది, ఆయన నేసేవాడు. "నీ బొమ్మల ఎరుపెక్కువైంది" అని ఆయనంటే, "నీ కండ్లల్ల ఎక్కువైంది" అని ఆమె అనేది. మెచ్చుకోవడమనేది ఆ ఇద్దరి మధ్య ఏనాడూ లేదు. కానీ ఇంకొకరు గీసిన డిజైన్ ఆయన మగ్గం మీదికి ఎక్కనూ లేదు.

చివరిగా ఆమె గీస్తున్నది మెట్ల బావి. శివనగర్ బావిని రెండుసార్లు పోయి చూసి వచ్చి మొదలుపెట్టింది. ఎడమవైపు ఒడ్డు నుంచి ఇరవై మెట్లు నీటి దాకా దిగాలి. నడుమ నీరు. నీటి దగ్గర నుంచి కుడివైపు ఒడ్డుకు మళ్లీ ఇరవై మెట్లు ఎక్కాలి. మెట్టుకు మూడు గడులు, ఒకటి ఎక్కువా లేదు తక్కువా లేదు. ఎడమ మెట్లన్నీ దించి, నీరు నింపి, ఎక్కాల్సిన మొదటి మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. "జర నడుం వాలుస్త" అని లేచింది. నలభై ఏళ్ల నూలు దుమ్ము నిండిన ఛాతీ. దవాఖానలో మూడో రోజు పోయింది.

ఆ హడావిడిలో కంప్యూటర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తెర ఆరిపోతే అమ్మ కంగారు పడుతోందని అది ఆరకుండా ఎప్పుడో మహితే పెట్టి ఉంచింది. అందువల్ల అది వెలుగుతూనే ఉంది. పదకొండో రోజు చుట్టాలందరూ పోయాక మహిత డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, యంత్రాన్ని ఆపబోయింది. తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంద్ చెయ్యకు బిడ్డా."

"బొమ్మ ఎటు పోదు బాపు. నా దగ్గర ఉన్నది."

"బొమ్మ సంగతి కాదు. మల్ల తెరిస్తే గా మినుకుమినుకుమనేది యాడుంటది?"

మహిత అబద్ధం చెప్పలేకపోయింది. "మొదటి గడిల ఉంటది."

"మరి అమ్మ చెయ్యి ఆగింది ఈడ గదా."

అంతటితో ఆమె ఊరుకుంది. ఆ తర్వాత ఆఫీసు పనుల్లో ఇటు రావడం కుదరలేదు. ఏప్రిల్‌లో ఒకసారి తండ్రి ఫోన్ చేసి, డబ్బా కుయ్యిమంటోంది, పక్కన చెయ్యి పెడితే కాలుతోంది అన్నాడు. ఆఫీసులో పనిలో ఉండి, "వేడెక్కితే దానంతట అదే బంద్ అయితది బాపు, జర చల్లగ ఉంచు" అని చెప్పి పెట్టేసింది. ఫ్యాను పెడతాడనుకుంది. పర్శరాములుకు చల్లగా ఉంచడమంటే తెలిసింది ఒక్కటే. ఇన్వర్టరుకు ఉన్న ఫ్యాను తీగ పీకేసి కంప్యూటర్‌కు ఇచ్చాడు, తను చెమటల్లో పడుకున్నాడు. పక్కన నీళ్లు నింపిన రంజన్ కుండ పెట్టాడు. బల్లకు మూడు వైపులా తడి గోనెలు కట్టాడు. గోనె అంచులు బల్ల మీదికి, కీబోర్డు కిందికి మడిచి పెట్టాడు, గాలికి ఎగరకుండా.

"ఇదేంది బాపు?" అంది మహిత ఇప్పుడు.

ఆయన తెరవైపు చూపించాడు.

నీటికి కుడివైపున మెట్లు ఉన్నాయి.

ఆమె వంగి చూసింది. మొదటి మెట్టుకు రెండు గడులు. దాని పైన అయిదు. ఆ పైన ఒక్కటే. తర్వాత నాలుగు. ఒకదానికొకటి పొంతన లేకుండా, ఎగుడుదిగుడుగా, నీటి దగ్గర మొదలై కుడివైపుకు, పైకి, ఒడ్డు దిక్కు పోతున్నాయి. లెక్కపెట్టింది. పదకొండు. పదకొండో మెట్టు చివర ఆ గుర్తు మినుకుమంటోంది.

"నువ్వు ముట్టుకున్నవా?"

"నాకు వస్తదా అది?"

నిజమే. ఆయనకు ఫోన్ ఎత్తడం తప్ప ఇంకే బటనూ తెలియదు.

"పగటీలి రెండు దాటినంక," అన్నాడు చిన్నగా, ఎవరో పడుకున్న గదిలో మాట్లాడినట్టు. "రోజు కొంచెం. పది దినాల నుంచి. ఒకపాలి ఒక మెట్టు, ఒకపాలి రెండు."

"ఎవలు?"

ఆయన కూతురు వైపు జాలిగా చూశాడు. అంత చిన్న సంగతి అర్థం కానందుకు.

"అమ్మ మెట్టుకు మూడు గడులు వెడ్తది బాపు. ఎన్నడన్న తప్పిందా? ఇవి అమ్మవి కావు."

"కూసోని గీసినప్పుడు మూడు. ఎక్కేటప్పుడు గట్ల ఎక్కుతదా? దవాఖానల లిఫ్ట్ నడవకపాయె, యాదికి లేదా నీకు? రెండు మెట్లెక్కి నిలవడ్డది. అయిదెక్కి నిలవడ్డది. ఒకటెక్కి గోడ వట్టుకున్నది. తర్వాత నాలుగు."

ఆ రోజు తల్లికి అటు ఆయన, ఇటు తను. మహితకు గుర్తున్నది తల్లి చంక కింద తన చెయ్యి తడిసిపోవడం, పై అంతస్తులో ఎవరో పేర్లు పిలవడం. మొదట రెండు మెట్లకే ఆగిన మాట నిజం. ఆ తర్వాత ఎన్నింటికి ఆగిందో ఆమె లెక్కపెట్టలేదు. నేతగాడు లెక్కపెట్టి ఉంటాడు. ఆయన కళ్లు ఏది చూసినా లెక్కపెడుతూనే ఉంటాయి.

"ఇంక తొమ్మిది ఉన్నయ్," అన్నాడు పర్శరాములు. "గివి ఎక్కేదాంక ఇది బంద్ కావద్దు బిడ్డా. మనిషిని నడిమిట్ల, నీళ్ల మీద ఇడిచిపెట్టినట్టయితది."

మహిత ఫోన్ తీసి తెరను ఒక ఫొటో తీసింది. ఇంకొకటి తీయబోయి, తెర మీద తన నీడ పడిన చోట ఇంకో నీడ కూడా ఉన్నట్టనిపించి ఆగిపోయింది. వెనక్కి తిరిగితే గోడకు తల్లి చీర వేలాడుతోంది. అయినా రెండో ఫొటో తీయబుద్ధి కాలేదు.

మరునాడు అన్నాలు తిన్నాక ఆమె ఆ గదిలోనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఏమిటో తేల్చుకోవాలనుకుంది. బయట వడగాలి. వీధిలో కుక్క కూడా లేదు. వాడకట్టులో మగ్గాలన్నీ ఆ వేళకు ఆగిపోతాయి. అంత నిశ్శబ్దంలో కంప్యూటర్ లోపలి ఫ్యాను ఒక్కటే వినిపిస్తోంది. అది సమంగా తిరగడం లేదు. వేగం పెరిగి, పెరిగి, ఒక్కసారి తగ్గి, మళ్లీ పెరుగుతోంది. లోపలికి లాగి, బిగపట్టి, వదిలినట్టు. ఈ చప్పుడు తను ఇంతకుముందు విన్నదే. ఫిబ్రవరి నెలంతా, తల్లి పక్కన పడుకున్నప్పుడల్లా.

తండ్రి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. గడియారం రెండుంపావు చూపిస్తోంది.

తెర మీద గుర్తు ఆగింది. మినుకుమనడం మానేసి, కన్ను తెరిచి చూస్తున్నట్టు నిలకడగా వెలిగింది. తర్వాత ఆ గడి నిండింది. గుర్తు పక్కకు జరిగింది. కొంత సేపు ఏమీ లేదు. ఫ్యాను పెరిగి తగ్గింది. ఇంకో గడి నిండింది. ఇంకొకటి. గుర్తు పై వరసకు పోయింది.

కీబోర్డు మీద ఏ మీటా కదలలేదు. మహిత దాని మీది నుంచి కళ్లు తీయలేదు. ఏదీ కదలలేదు.

"పన్నెండు," అన్నాడు పర్శరాములు.

ఆ సాయంత్రమే ఆమె హన్మకొండలో కంప్యూటర్ల రిపేరు దుకాణం నడిపే రాంప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఆఫీసు మెషిన్లు చూసేది అతనే. నలభై దాటినవాడు, మాటకారి. రెండు రోజుల తర్వాత గాని అతనికి తీరలేదు. అప్పటికి మెట్లు పద్నాలుగు అయ్యాయి.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంది కాకా, కంప్యూటర్‌కు పందిరేసినవ్? పెండ్లి చేస్తానవా?"

డబ్బా పక్క రేకు విప్పి లోపలికి టార్చి కొట్టాడు. నూలు దుమ్ము, గంజి పొడి, తేమ కలిసి లోపలి ఫ్యాను చుట్టూ మందంగా మెత్తలా పేరుకుంది. "ఓరి దేవుడా. బయట నువ్వు నేస్తే లోపల ఇది నేసుకున్నది గద కాకా," అన్నాడు. యంత్రాన్ని ఆపకుండానే కుంచెతో దాన్నంతా పీకి తీశాడు. ఆ తర్వాత కీబోర్డు ఎత్తి, కింద మడిచిన గోనె అంచు చూసి, ఒక్క నిమిషం ఆలోచించి, వేలితో నొక్కాడు. గోనెలోంచి నీరు ఊరింది.

"దొరికింది అక్కా. తడి కింది నుంచి ఎక్కుతాంది. అడుగు వరస మీటలు వాటంతటవే తగుల్తానయ్. పొడుగు మీట, పై బాణం. పగటీలి వేడికి ఆవిరి ఎక్కువయితది గదా, గందుకే గా టైముకు. దయ్యం లేదు, పాడు లేదు." పర్శరాములు వైపు తిరిగి, "కాకా, మగ్గానికి తడి మంచిదే. దీనికి గాలి గావాలె. పొడి గాలి. గోనెలన్నీ తీసెయ్. ఒక్క టేబుల్ ఫ్యాను పెట్టు, పక్క రేకు తీసే ఉంచు. గిట్లనే తడిపితే బోర్డు కాలిపోతది, ఇగ రాదు."

మహితకు ఊపిరి ఆడింది. ఆ వెంటనే ఒక సందేహం వచ్చింది. "పై బాణం కిందనే కింది బాణం ఉంటది గదా రాంప్రసాద్. అదే అందరికంటే అడుగున ఉన్నది. తడి ముందుగాల దానికే తగలాలె. ఒక్కపారి కూడా కిందికి రాలేదెందుకు?"

రాంప్రసాద్ కీబోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. తల గోక్కున్నాడు. "గదే తెల్వది అక్కా," అని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

పర్శరాములు అతను చెప్పినట్టే గోనెలన్నీ విప్పి దండెం మీద ఆరేశాడు. కీబోర్డు పొడి గుడ్డతో తుడిచాడు. సారలమ్మ ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాడు. ఆమె కూడా ఆ రోజు ఎగతాళి చేయలేదు. "దాని రెక్క జర కొట్టుకుంటది, చెయ్యి వెట్టకు బావా" అని మాత్రం అంది.

మరునాడు రెండు దాటింది, మూడు దాటింది. గుర్తు పద్నాలుగో మెట్టు మీద మినుకుమంటూనే ఉంది. లోపలి ఫ్యాను సన్నగా, సమంగా తిరుగుతోంది. మామూలు యంత్రం. ఆ మర్నాడూ అంతే.

పర్శరాములు తిండి మానేశాడు. అలిగి కాదు. కంచం ముందు కూర్చునేవాడు, ముద్ద కలిపేవాడు, తెర వైపు చూసేవాడు, చెయ్యి కడుక్కునేవాడు.

"బాపు, రాంప్రసాద్ చెప్పింది విన్నవ్ గదా. అమ్మ లేదు అండ్ల. తడి."

"విన్న. తడే. కాదని నేనన్ననా?" అన్నాడు. కంచం పక్కకు జరిపాడు. "ఆరు మెట్లు, బిడ్డా. తడో ఏదో, పద్నాలుగు ఎక్కినంక మనం ఆపినం. ఎక్కేటోళ్లు ఎవరన్నది తర్వాత సంగతి. ఆపింది మనం."

ఆ మాట మహిత మనసులోంచి పోలేదు. దవాఖానలో ఆ చివరి రోజు ఇక చాలు, గొట్టాలు తీసేయండి అని సంతకం పెట్టింది తను. తండ్రికి చదువు రాదని కాగితం తనకే ఇచ్చారు. ఆ సంగతి వాళ్లిద్దరూ ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు కూడా ఆయన దాని గురించి అనలేదు. అయినా ఆమెకు అలాగే వినపడింది.

మూడో రోజు పదకొండింటికి కరెంటు పోయింది. ఆ యేటికి అంత ఎండ మళ్లీ కాయలేదు. రేకుల కప్పు టపటపమని చప్పుడు చేస్తోంది. ఇన్వర్టరు మీద కంప్యూటర్ నడుస్తోంది గానీ టేబుల్ ఫ్యాను ఆగిపోయింది. పర్శరాములు నులకమంచం మీద, తినకపోవడంతో నీరసపడి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

మహిత దండెం మీది గోనెలు తీసింది. రంజన్‌లో ముంచింది. పిండలేదు. ఒకదాని తర్వాత ఒకటి బల్ల చుట్టూ కట్టింది. అంచులు కీబోర్డు కిందికి మడిచింది. తను చేస్తున్నది ఏమిటో, దానివల్ల ఏమవుతుందో ఆమెకు పూర్తిగా తెలుసు. ముడులు గట్టిగానే పడ్డాయి.

రెండు కాకముందే లోపలి ఫ్యాను గొంతు మారింది. లాగి, బిగపట్టి, వదిలి. పర్శరాములు కళ్లు తెరిచాడు. గోనెలను చూశాడు, కూతురిని చూశాడు. లేచి వచ్చి, గోడకున్న విసనకర్ర తీసుకుని, డబ్బా తెరిచి ఉన్న పక్కన కూర్చుని విసరడం మొదలుపెట్టాడు.

మొదటి గడి నిండింది.

ఆ రోజు మధ్యలో ఆగింది తక్కువ. పదిహేను. పదహారు. మహిత కీబోర్డు వైపు చూడటం మానేసింది. తెర వైపే చూస్తోంది. డబ్బాలోంచి వేడి సెగ తండ్రి ముఖానికి కొడుతోంది, కాలిన దుమ్ము వాసన వస్తోంది. ఆయన విసిరే వేగం పెంచాడు. పదిహేడో మెట్టుకు ఆరు గడులు పడ్డాయి, ఒకదాని వెంట ఒకటి, ఆత్రంగా. అక్కడ చాలాసేపు ఆగింది. కుయ్యిమని శబ్దం మొదలైంది.

"జర, జర," అన్నాడు పర్శరాములు. యంత్రంతో అన్నాడో, ఎవరితో అన్నాడో. "మూడే, మూడే ఉన్నయ్."

పద్దెనిమిదో మెట్టుకు ఒక్క గడి నిండింది. గుర్తు పై వరసకు వెళ్లింది. ఫ్యాను లోపలికి లాగినట్టు లేచింది. వదలలేదు. తెర నల్లబడింది.

విసనకర్ర ఆగలేదు. మహిత ఆయన చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

రాంప్రసాద్ వచ్చి చూసి బోర్డు పోయిందన్నాడు. హార్డ్ డిస్కు కూడా చదవడం లేదన్నాడు. మహిత పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఎడమ మెట్లు, నీరు. కుడివైపు ఖాళీ. సెలవు అయిపోయి ఆమె సుబేదారికి వెళ్లేటప్పుడు పర్శరాములు గుమ్మం దాకా వచ్చాడు. ఏడవలేదు. "పడుగుకు నూలు తేవాలె" అన్నాడు. ఆమె ఆ మాటకు సంతోషపడింది. మనిషి మళ్లీ పనిలో పడుతున్నాడనుకుంది.

రెండు వారాల తర్వాత ఆదివారం వచ్చింది. ముందు రోజు మొదలైన మొదటి వాన ఇంకా తుంపరగా పడుతూనే ఉంది. మగ్గం నడుస్తున్న చప్పుడు వీధి మొదట్లోకే వినిపించింది. సారలమ్మ గడపలో లేదు, మహిత కోసం వీధిలోకి ఎదురొచ్చింది. "అయిదు దినాల నుంచి ఎవలతోని మాట్లాడ్తలేడు బిడ్డా. లెక్కలు వెట్టుకుంట నేస్తాండు. నాకు ఆ లెక్క వింటాంటే ఎట్లనో అయితాంది."

గదిలో పర్శరాములు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం మీద మెట్ల బావి ముప్పాతికకు పైగా పైకి లేచింది. ఎడమవైపు మెట్టుకు మూడు గడులు, అచ్చు అనసూయ గీసినట్టు. కుడివైపు ఎగుడుదిగుడు. ఎదుట కాగితం లేదు, ఫోన్ లేదు. పెదవులు కదులుతున్నాయి.

మహిత తన ఫోన్‌లో ఆనాటి ఒక్క ఫొటో తెరిచి, గుడ్డ పక్కన పెట్టి చూసింది. రెండు, అయిదు, ఒకటి, నాలుగు. పదకొండు మెట్ల దాకా ఒక్క గడి తేడా లేదు. ఆ పైన ఆమెకు సాక్ష్యం లేదు. పదిహేడో మెట్టుకు ఆరు, పద్దెనిమిదో మెట్టుకు ఒకటి, అంతే ఆమెకు యాదికున్నది. ఆయన ఆరు వేశాడు. ఒకటి వేశాడు.

ఇక మిగిలిన రెండూ ఎవరూ గీయనివి.

"వాటికి ఎన్నెన్ని గడులు బాపు?"

ఆయన చెవి కాస్త వంచి, వింటున్నట్టు కూర్చున్నాడు. పేక పోగు చేతిలో అలాగే ఉంది. చాలాసేపటికి పంతొమ్మిదో మెట్టుకు ఒక గడి వేశాడు. ఆగాడు. ఇంకొకటి వేశాడు. మళ్లీ ఆగాడు. మూడోది వేసి పోగును గట్టిగా కొట్టాడు. ఇరవయ్యోదానికి కూడా ఒకటి, ఒకటి, ఒకటి. వాన నీళ్లు చూరు నుంచి కారుతున్నాయి. ఆ చప్పుడు కింద ఇంకేదో చప్పుడు ఉన్నట్టూ, అది మగ్గం అవతలి నుంచి వస్తున్నట్టూ మహితకు అనిపించింది. తండ్రి ఊపిరి అనుకుంది. చూస్తే ఆయన ఊపిరి బిగపట్టి ఉన్నాడు.

పర్శరాములు పోగు వదిలేశాడు. గుంటలోంచి లేచి నిలబడి, కుడిచెయ్యి గుడ్డ అంచు మీదుగా ముందుకు చాపాడు, అరచేయి పైకి పెట్టి.

"దా," అన్నాడు. "అయిపోయింది. గిదే ఆఖరుది."

చెయ్యి కొంతసేపు గాలిలో అలాగే ఉంది. తర్వాత వేళ్లు మెల్లగా మూసుకున్నాయి. మహిత చూస్తుండగానే ఆయన కుడి భుజం కిందికి వంగింది, ఎవరో దాని మీద బరువు మోపి పైకి ఎక్కుతుంటే ఎలా వంగుతుందో అలా. ఆయన ఎడమచేత్తో మగ్గం గుంజ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.